సిమరాన్ కౌంటీకి ఒక అడంగల్

కోర్టు భవనం చుట్టూ మూడో చుట్టు తిరుగుతుండగా నాన్న అడిగారు: "ఏమ్మా, ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు ఎక్కడ?"

మేము భక్తితో ప్రదక్షిణ చేయడం లేదు. బాయిస్ సిటీ అనే ఈ అమెరికా ఊరి నడిబొడ్డున కోర్టు ఉంది. కోర్టు చుట్టూ గుండ్రటి దారి. ఆ గుండ్రంలోకి 56, 64, 287, 385, 412 అని ఐదు జాతీయ రహదారులు వచ్చి పడతాయి. పదకొండు వందల పైచిలుకు జనం ఉన్న ఊరికి ఇన్ని రహదారులు కాస్త ఎక్కువే. వాటిలో మేము పట్టుకోవలసింది ఏదో ఫోనుకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

"ఆ కోర్టే ఎమ్మార్వో ఆఫీసు కూడా నాన్నా. భూమి పన్ను, దస్తావేజులు, ఎన్నికలు, అన్నీ దాంట్లోనే."

"అయితే నయమే. రైతుకు తిరుగుడు తప్పుతుంది," అన్నారు, మా కారు నాలుగో చుట్టు మొదలుపెడుతుంటే.

నాన్న అనంతపురం జిల్లాలో ముప్ఫై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. తీసుకుంటున్నారనడం మర్యాద కోసమే. మా దగ్గరికి డాలస్ వచ్చిన ప్రతిసారీ వారం తిరక్కుండానే "ఇక్కడ భూమి కనపడటం లేదమ్మా, అంతా పచ్చిక, సిమెంటు" అని నిట్టూర్చడం మొదలుపెడతారు. ఈసారి ఆ నిట్టూర్పుకు ఒక సాకు దొరికింది. మా బంధువుల వాట్సాప్ గుంపులో ఎవరో ఒక గీత పంపారు. ఓక్లహోమా రాష్ట్రంలోని సిమరాన్ కౌంటీ జనాభా అది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, బాయిస్ సిటీ దాని కేంద్రం. 1930లో 5,408 దగ్గర శిఖరం, 2020లో 2,296 దగ్గర అడుగు. కింద ఒక వ్యాఖ్య: "అమెరికాలోనే పల్లెలు చచ్చిపోతుంటే ఇక మన ఊళ్ళ గురించి చెప్పేదేముంది!" దాని కింద వరసగా నమస్కారాలు, కన్నీటి బొమ్మలు.

నాన్న కళ్ళజోడు సవరించుకుని ఆ గీతను చాలాసేపు చూశారు. "సాగు ఎంత? వాన ఎంత? నీళ్ళు ఎక్కడివి? అవేవీ చెప్పకుండా జనం లెక్క ఒక్కటే ఇస్తే దీన్ని ఏం చేసుకోవాలి?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే డాలస్ నుంచి 287 పట్టుకుని అమరిల్లో దాకా వెళ్ళి, రాత్రి అక్కడ ఉండి, పొద్దున్నే పెరుగన్నం డబ్బాలతో డ్యూమాస్, స్ట్రాట్‌ఫర్డ్ మీదుగా ఇక్కడికి వచ్చాము.

వచ్చి, చూసి, తర్వాత చాలా చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఆ గీతలో అందరూ దిగిన చోటును చూసి ఏడుస్తున్నారు. అనుమానించవలసింది ఎక్కిన చోటును. 5,408 మందిని ఆ నేల మీదికి ఎవరు తెచ్చారు, ఏం చెప్పి తెచ్చారు?

ముందు నేల సంగతి. ఓక్లహోమా పటం చూస్తే పెనంలాగా ఉంటుంది, పడమటి వైపు సన్నగా కాడ. ఆ కాడ కొసన ఉన్నది సిమరాన్ కౌంటీ. విస్తీర్ణం 1,841 చదరపు మైళ్ళు, అంటే దాదాపు 4,770 చదరపు కిలోమీటర్లు. మన గోవా రాష్ట్రం మొత్తం ఇందులో పట్టి, ఇంకా వెయ్యి చదరపు కిలోమీటర్లు మిగులుతుంది. మనిషికి రెండు చదరపు కిలోమీటర్ల చొప్పున వస్తుంది. టెక్సస్, న్యూమెక్సికో, కొలరాడో, కాన్సస్ నాలుగూ దీని పొలిమేరలే. సొంత రాష్ట్రం కాక మరో నాలుగు రాష్ట్రాలను తాకే కౌంటీ అమెరికాలో ఇదొక్కటే. సిమరాన్ అంటే స్పానిష్‌లో మందను వదిలి అడవి పట్టిన పశువు.

తూర్పు సగం బల్లపరుపు. కారులో కూర్చుంటే ఆకాశం కిటికీ కింది అంచు నుంచే మొదలవుతుంది. పడమటికి పోతే నేల ఉన్నట్టుండి చీలి వాగులు, ఇసుకరాతి గోడలు, జూనిపర్ పొదలు వస్తాయి. ఆ మూలలో బ్లాక్ మెసా ఉంది. ఒకప్పుడు పారిన లావా గట్టిపడి నల్లటి మూతలా కూర్చున్న బల్లకొండ అది. 4,973 అడుగులతో ఓక్లహోమాలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు. కొండ మూడు రాష్ట్రాల్లోకి పాకింది. దాని చెంతనున్న కెంటన్ అనే చిన్న పల్లె ఓక్లహోమా గడియారాన్ని పట్టించుకోదు. పక్కనున్న న్యూమెక్సికో వేళ ప్రకారం ఒక గంట వెనక నడుస్తుంది. చట్టం అలా చెప్పలేదు, ఊరు అలా అనుకుంది, అంతే.

వాన ఏడాదికి 45 సెంటీమీటర్ల చుట్టుపక్కల. మా అనంతపురంలోనే 55 పడుతుంది. ఈ అంకె చెప్పగానే నాన్న మరేమీ అడగలేదు. తల మాత్రం ఒకసారి పైకీ కిందికీ ఊపారు.

ఇక ఈ నేలను మొదట ఖాళీ చేసిన వాళ్ళ సంగతి. ఆ పని చేసింది కరవు కాదు, ధూళి కాదు. వాషింగ్టన్‌లో కూర్చుని గీతలు గీసినవాళ్ళు.

1820లో అమెరికా కాంగ్రెసు ఒక రాజీ చేసుకుంది. 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన కొత్త పశ్చిమ భూముల్లో బానిసత్వం ఉండదని. టెక్సస్ బానిసలున్న రాష్ట్రంగా 1845లో చేరింది, బానిసల్ని వదులుకోవడం ఇష్టం లేదు. అందుకని 1850లో ఆ గీతకు పైనున్న భూమిని వదులుకుంది. మనుషుల్ని విడిచిపెట్టడం కన్నా నేలను విడిచిపెట్టడమే దానికి తేలికనిపించింది. 1854లో కాన్సస్ సరిహద్దు గీసేటప్పుడు చెరోకీలనే మూలవాసుల భూమిని రెండు ముక్కలు చేయకూడదని గీతను 37 డిగ్రీల దగ్గర ఆపారు. పడమట న్యూమెక్సికో 103వ రేఖాంశం దగ్గర ఆగింది. తూర్పున చెరోకీల హద్దు 100వ రేఖాంశం దగ్గర. నలుగురూ తమ గీతలు తాము గీసుకుని వెళ్ళిపోయాక మధ్యలో 34.5 మైళ్ళ వెడల్పు, 167 మైళ్ళ పొడవున్న ఒక పట్టీ మిగిలిపోయింది. అది ఏ రాష్ట్రమూ కాదు, ఏ టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని, కేంద్రం ఏలే ప్రాంతం) కాదు. కోర్టు లేదు, షెరీఫు లేడు, పట్టా పుట్టించే కార్యాలయం లేదు. కాగితాల మీద ప్రభుత్వ భూమి పట్టీ, జనం నోట్లో నో మ్యాన్స్ ల్యాండ్, ఎవరిదీ కాని నేల. నలభై ఏళ్ళు అలాగే ఉంది.

నాన్నకు ఈ కథ భలే నచ్చింది. "పోరంబోకు!" అన్నారు, చిన్ననాటి స్నేహితుడు కనపడినట్టు. తర్వాత వృత్తిధర్మం కొద్దీ సవరించారు. "పోరంబోకు అంటే ఎవరూ వాడుకోనిదని కాదమ్మా. పన్ను లెక్కలోకి రానిదని. మేము పోరంబోకు అని రాసిన చోట పశువులు మేసేవి, పిల్లలు ఆడుకునేవారు, పీనుగులు కాలేవి. రిజిస్టరులో మాత్రం ఏమీ ఉండదు."

ఆ పట్టీ రిజిస్టరులోనూ అంతే. కొమాంచీలు, కయోవాలు అనే మూలవాసులు ఇక్కడ అడవిదున్నల వెంట తిరిగారు. 1865లో కుదిరిన ఒప్పందంలో ఈ చుట్టుపక్కల నేల వాళ్ళదేనని రాశారు. రెండేళ్ళు తిరక్కుండా 1867లో మెడిసిన్ లాడ్జ్ దగ్గర ఇంకో ఒప్పందం రాసి, దూరాన నైరుతి ఓక్లహోమాలో చిన్న ముక్కకు సరిపెట్టారు. కెంటన్ దగ్గర గుహల్లో వాళ్ళకన్నా ఎంతో ముందటి మనుషుల ఆనవాళ్ళు దొరికాయి. న్యూమెక్సికో నుంచి గొర్రెల కాపరులు సిమరాన్ లోయకు మందలు తోలుకొచ్చారు. మిస్సోరి నుంచి శాంటాఫేకి వెళ్ళే వర్తకుల బళ్ళ బాటలో అడ్డదారి ఈ కౌంటీ గుండానే పోయేది. నీళ్ళు దొరకని ఆ దారిలో ఆగినవాళ్ళు ఇసుకరాతి మీద చెక్కిన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1865లో ఆ బళ్ళకు కాపలాగా సైనికాధికారి కిట్ కార్సన్ ఇక్కడ క్యాంప్ నికల్స్ అనే స్థావరం కట్టించాడు, కొన్ని నెలలకే సైన్యం దాన్ని వదిలేసింది. దొంగల ముఠాలు కూడా తలదాచుకునేవి. చట్టం లేని చోటు వాళ్ళకు పుట్టిల్లు కదా. ఖాళీ అన్న మాటలో ఇంతమంది ఇరుక్కుని ఉన్నారు.

1880ల నడుమ పొరుగు నుంచి రైతులు వచ్చి పట్టా లేకుండానే గుడిసెలు వేశారు. హద్దు తగాదాలు తీర్చుకోవడానికి తమలో తామే కమిటీలు పెట్టుకున్నారు. 1887లో తమది సిమరాన్ టెరిటరీ అని ప్రకటించుకుని గుర్తించమని వాషింగ్టన్‌ను అడిగారు. వాషింగ్టన్ పలకలేదు. 1890లో పట్టీ మొత్తాన్ని ఓక్లహోమా టెరిటరీలో కలిపి ఒకే కౌంటీ చేశారు. 1907లో ఓక్లహోమా రాష్ట్రం అయినప్పుడు దాన్ని మూడు ముక్కలు చేస్తే పడమటి ముక్క సిమరాన్ కౌంటీ అయింది.

అదే 1890లో జనాభా లెక్కల శాఖ ఇంకో పని చేసింది. చదరపు మైలుకు ఇద్దరికన్నా తక్కువ మంది ఉంటే ఆ చోటును నివాసం ఏర్పడని ప్రాంతంగా లెక్కకట్టి, అలాంటి చోట్లను విడదీసే సరిహద్దు రేఖ దేశంలో ఇక లేదని తేల్చింది. ఈ కొలతను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

కౌంటీ పుట్టిన మరుసటి ఏడాదే వచ్చింది వెంచరు. అవును, మన హైదరాబాదు శివార్లలో చూసే వెంచరు లాంటిదే. 1908లో గథ్రీ పట్టణం నుంచి ఒక భూముల కంపెనీ బాయిస్ సిటీ అనే ఊరిని అమ్మకానికి పెట్టింది. రంగుల కరపత్రాలు దేశమంతా పంచింది. అందులో చెట్ల వరసలు, చదును చేసిన వీధులు, పొంగే బావులు, రైలు. సుమారు 3,000 స్థలాలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు పెట్టెలు సర్దుకుని వచ్చి చూస్తే గడ్డి, గాలి. చెట్టనేది ఊరి పేరులో మాత్రమే ఉంది. ఫ్రెంచిలో అడవిని సూచించే మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేరును ఐడహో రాజధానిలాగా బాయ్సీ అని పలికితే స్థానికులు వెంటనే దిద్దుతారు, వాయిస్‌కు ప్రాస కుదిరేటట్టు బాయిస్ అనాలి. నన్ను పెట్రోలు బంకులోనే దిద్దారు.

తపాలా ద్వారా మోసం చేశారన్న నేరం రుజువై ఆ కంపెనీ వాళ్ళు లెవెన్‌వర్త్ జైలుకు వెళ్ళారు. మోసపోయినవాళ్ళలో కొందరు మాత్రం వెనక్కి వెళ్ళలేదు. వచ్చాం కదా అని అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. అబద్ధపు కరపత్రంలోని ఊరు నిజంగానే ఊరయింది, కౌంటీ కేంద్రం కూడా అయింది. ఈ మొండితనం ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కరపత్రాన్ని క్షమించాలని మాత్రం అనిపించదు. ఎందుకంటే ఆ కంపెనీ ఒంటరిది కాదు. వాన కాలిబాటను నాగలి చూపిస్తుందనీ, దున్నితే మబ్బులు వాటంతట అవే వస్తాయనీ పందొమ్మిదో శతాబ్దంలో చదువుకున్నవాళ్ళే చెప్పారు. 160 ఎకరాలు సాగుచేసుకుంటే నీదేనని 1862 నాటి చట్టం పిలిచింది. అయోవాలో 160 ఎకరాలు ఒక కుటుంబాన్ని పోషించవచ్చు. ఇక్కడ ఆ మేరలో నాలుగు ఆవులు బతికితే గొప్ప. చట్టం రాసినవాళ్ళకు జైలు శిక్ష పడలేదు.

ఇప్పుడు వాట్సాప్ గీతను మళ్ళీ తీయండి. అది 1930లో మొదలవుతుంది. అంతకు ముందరి అంకెలు ఎందుకు వదిలేశారో గానీ, అసలు కథ వాటిలోనే ఉంది. 1910లో ఈ కౌంటీ జనాభా 4,553. 1920లో 3,436. ధూళి తుఫానుల పేరు కూడా ఎవరూ వినని రోజుల్లోనే నలుగురిలో ఒకరు తగ్గిపోయారు. వచ్చారు, చూశారు, పోయారు. ఆ నేల తన సామర్థ్యం ఎంతో అప్పుడే చెప్పింది.

వినకుండా చేసింది గోధుమ. మొదటి ప్రపంచ యుద్ధంలో బుషెలు (దాదాపు 27 కిలోలు) ధర రెండు డాలర్లు దాటింది. యుద్ధం ముగిసి ధర పడిపోతే, పడిన ధరను ఎకరాలతో పూడ్చుకోవాలని ఇంకా దున్నారు. ట్రాక్టర్లు వచ్చాయి. 1925లో ఈ కౌంటీకి రైలు వచ్చింది. కరపత్రంలో చెప్పిన పదిహేడేళ్ళకు! 1920లలో వానలు కూడా కలిసొచ్చి, కరువు నేలకు ఒక పదేళ్ళ మంచి రోజులు దక్కాయి. జనం 3,436 నుంచి 5,408కి పెరిగింది. గీత శిఖరమని మనం నమస్కరిస్తున్నది దీనికే. వేల ఏళ్ళుగా నేలను చాపలా పట్టుకుని ఉన్న గడ్డివేళ్ళను పెకలించి, వానలు మంచిగా ఉన్న ఆ కొన్నేళ్ళలో లెక్కపెట్టుకున్న తలలు అవి.

1931లో పంట బ్రహ్మాండంగా పండింది, ధర నలభై సెంట్ల లోపుకు జారింది. తర్వాత వాన ఆగింది, దున్నిన మట్టి ధూళి తుఫానులై లేచింది. ఆ పైన జరిగింది ప్రపంచానికి తెలిసిందే, ఇంకో వర్ణన చేర్చను. 1935 ఏప్రిల్ 14న, ఆదివారం, నల్లటి ధూళి గోడ ఈ మైదానాల మీదుగా సాగింది. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్ ఫొటోగ్రాఫరుతో కలిసి బాయిస్ సిటీకి కొద్ది మైళ్ళ దూరంలో అందులో చిక్కుకున్నాడు. మర్నాడు పంపిన వార్తలో డస్ట్ బౌల్ (ధూళి గిన్నె) అన్నాడు, ఆ పేరు ఈ కాలానికే స్థిరపడింది. 1936 ఏప్రిల్‌లో ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన ఫొటో, గాలికి వంగి నడుస్తున్న రైతు, వెనక ఇద్దరు కొడుకులు, సగం పూడిపోయిన పాక, అది కూడా సిమరాన్ కౌంటీదే. లోకానికి ఈ కౌంటీ నుంచి తెలిసిన ముఖం అదొక్కటే. ఆ ఫొటోలోని మనుషులు వెళ్ళిపోవడం లేదు, పాకలోకి పోతున్నారు. అది ఎవరికీ గుర్తుండదు.

1940లో లెక్క 3,654. అంటే ఇరవై ఏళ్ళ కిందటి అంకెకు దగ్గరగా వచ్చింది. చదరపు మైలుకు ఇద్దరన్న ఆ పాత కొలత ఉంది కదా, దాని ప్రకారం 1940లో ఈ కౌంటీ వెంట్రుకవాసిలో మళ్ళీ నివాసం లేని ప్రాంతమైంది. పాడైపోయిన పొలాలను ప్రభుత్వమే తిరిగి కొని గడ్డి వేయించింది. రీటా బ్లాంకా జాతీయ గడ్డిభూమిగా అందులో కొంత ఈ కౌంటీలో ఇవాళ ఆవులు మేస్తున్నాయి. 160 ఎకరాల చొప్పున పంచిన ప్రభుత్వమే డబ్బిచ్చి వెనక్కి తీసుకుందన్నమాట. దాన్ని నాన్న "అసైన్‌మెంటు రద్దు" అన్నారు, తన ఆఫీసు భాషలో.

మధ్యలో ఒక వింత. 1943 జులై 5 అర్ధరాత్రి దాటాక బాయిస్ సిటీ మీద బాంబులు పడ్డాయి. వేసింది శత్రువు కాదు. టెక్సస్‌లోని డాల్‌హార్ట్ స్థావరం నుంచి అభ్యాసానికి బయల్దేరిన అమెరికా బీ-17 విమానం, మైదానంలో గురి కోసం పెట్టిన దీపాలనుకుని కోర్టు చుట్టూ ఉన్న వీధి దీపాల మీద ఆరు అభ్యాస బాంబులు వేసింది. బాంబుల్లో ఎక్కువ భాగం ఇసుకే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరో కరెంటు తీసేశాక విమానం వెళ్ళిపోయింది. ఊరివాళ్ళు దాన్ని తలచుకుని నవ్వుకుంటారు, గుర్తుగా ఒక స్మారకం కూడా పెట్టుకున్నారు. నాకు నవ్వు పూర్తిగా రాలేదు. పైనుంచి చూసినవాడికి అక్కడ దీపాలు కనపడ్డాయి, వాటి కింద నిద్రపోతున్న ఊరు తట్టలేదు.

1987లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఉండే ఫ్రాంక్, డెబొరా పాపర్ దంపతులు ఒక ఆలోచన చెప్పారు. ఈ మైదానాల్లో బాగా ఎండిన భాగాలు ఎలాగూ ఖాళీ అవుతున్నాయి, వాటిని అడవిదున్నల ఉమ్మడి బీడుగా మార్చండి అని. మైదానాల రైతులు వాళ్ళ మీద మండిపడ్డారు. వాళ్ళ లెక్కల్లో సగం నాకూ నచ్చుతుంది, దున్నకూడని నేలను దున్నారన్న సగం. రెండో సగం దగ్గర నేను ఆగిపోతాను. ఖాళీ అన్న మాటను ఈ నేల మీద ఇంకోసారి ఎవరైనా వాడుతున్నారంటే, దాని వెనక ఇంకో కరపత్రం ఉందేమోనని వెతకడం నాకు అలవాటైపోయింది.

నా వాదన విన్న స్నేహితురాలు ఒకామె సూటిగా అడిగింది: "అంటే జనం వెళ్ళిపోవడం మంచిదే అంటావా? ఆసుపత్రి మూతపడితే ఆ మాట వాళ్ళ ముఖం మీద చెప్పగలవా?" చెప్పలేను, అది న్యాయమైన ప్రశ్న. బాయిస్ సిటీలో చిన్న ఆసుపత్రి ఉంది. అది లేకపోతే సొంత రాష్ట్రంలో తర్వాతిది గైమన్‌లో, అరవై మైళ్ళ దూరం. నొప్పులొచ్చిన మనిషికి అరవై మైళ్ళంటే ఏమిటో నాకు తెలుసు, మా అమ్మ నన్ను కనడానికి కల్యాణదుర్గం నుంచి అనంతపురానికి వాన రాత్రి జీపులో వెళ్ళింది. అందుకే నేననేది, ఈ కౌంటీని 5,408తో పోల్చి సగానికి పైగా చచ్చిపోయిందని తేల్చకండి. అలా తేల్చాక ఎవరూ అంబులెన్సు కొనరు, ఆసుపత్రికి డబ్బివ్వరు, చచ్చేదానికి మందెందుకని. తలకింత అని డబ్బు పంచితే ఇలాంటి చోట్లు ఎప్పుడూ ఓడిపోతాయి. అంబులెన్సు తిరిగేది తలల మీద కాదు, మైళ్ళ మీద. 1,841 చదరపు మైళ్ళలో రోడ్లు, బడి బస్సులు, మంటలార్పే బండి కావాలి. అవి రెండు వేల మందికైనా, ఐదు వేల మందికైనా దాదాపు అంతే.

జనం పెరిగితే బాగుపడినట్టేనా అంటే, పక్క కౌంటీ ఉంది. దాని పేరు టెక్సస్ కౌంటీ, ఓక్లహోమాలోనే. 1990ల నడుమ గైమన్‌లో పెద్ద పందిమాంసం కర్మాగారం వచ్చింది. 1990లో 16,419 ఉన్న జనాభా 2000 నాటికి 20,107 అయింది. మెక్సికో నుంచి, గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబాలతో బడులు నిండాయి. నేను దాన్ని తక్కువ చేయను, వచ్చినవాళ్ళు కష్టపడి బతుకుతున్నారు. అయితే ఆ ఊరి గీత ఒక్క కర్మాగారం గేటు మీద ఆనుకుని ఉంది. 1920లలో సిమరాన్ గీత ఒక్క గోధుమ ధర మీద ఆనుకున్నట్టు.

ఇంతకీ సిమరాన్‌లో ఇవాళ ఉన్న 2,296 మందిలో సుమారు ఐదో వంతు స్పానిష్ మూలాలవాళ్ళు. గొర్రెల కాపరులు తెచ్చిన భాష నూటయాభై ఏళ్ళకు వేరే దారిలో తిరిగి వచ్చింది. గోధుమ, జొన్న, మొక్కజొన్న, ఆవులు. ఊళ్ళో చిన్న ప్రదర్శనశాల, దాని ముందు ఇనుప రేకుతో కోసి నిలబెట్టిన డైనోసారు, ఎందుకంటే 1930లలో పని లేని రైతులకు కూలి ఇచ్చి ఇక్కడ డైనోసారు ఎముకలు తవ్వించారు. నేల పైన ఏమీ పండని రోజుల్లో అలా కింద నుంచి కూలి పుట్టింది. కెంటన్ దగ్గర ప్రతి శరదృతువులో దూరదర్శినులు మోసుకుని జనం చేరుతారు. అక్కడి చీకటి అంత మంచిదట. దీపాలు తక్కువ ఉండటమే ఆ ఊరికి అతిథులను తెస్తోంది.

బ్లాక్ మెసా కాలిబాట రానుపోను ఎనిమిది మైళ్ళ పైమాట. నాన్న రానన్నారు. నేను ఎక్కి వచ్చేసరికి ఆయన వాహనాలు నిలిపే చోట ఒక ముసలి పశువుల రైతుతో కబుర్లలో ఉన్నారు. నాన్న ఇంగ్లీషు రెవెన్యూ ఇంగ్లీషు, ఆయనది పడమటి ఓక్లహోమా ఇంగ్లీషు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. సంభాషణ దేని గురించో దూరం నుంచే తెలిసింది. నాన్న చెయ్యి నేలకేసి చూపిస్తోంది, రైతు చెయ్యి ఇంకా కిందికి.

బోర్ల గురించే. ఈ మైదానాల కింద ఒగలాలా అనే భూగర్భ జలాశయం ఉంది, దక్షిణ డకోటా నుంచి టెక్సస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద. ధూళి రోజుల తర్వాత ఈ నేలను మళ్ళీ పచ్చగా చేసింది వాన కాదు, ఆ నీళ్ళు. కొలరాడో రైతు ఫ్రాంక్ జైబాక్ 1952లో పేటెంటు పొందిన యంత్రంతో, బోరు చుట్టూ గడియారం ముల్లులా తిరిగే పొడవాటి గొట్టంతో, పొలాలు గుండ్రంగా మారాయి. విమానంలోంచి చూస్తే పచ్చటి రూపాయి బిళ్ళలు పరిచినట్టుంటాయి. తోడినంత వేగంగా ఆ నీరు తిరిగి ఊరదు, ఈ దక్షిణపు కొసన మరీను. మా జిల్లాలో వేరుశనగ రైతు ఒక బోరు ఎండితే రెండోది, అదీ ఎండితే ఇంకా లోతు, అప్పు కూడా అంతే లోతుకు దిగడం నాన్న ముప్ఫై ఏళ్ళు చూశారు. అందుకే జనం గీతను చూసినప్పుడు కదలని ఆయన ముఖం ఇక్కడ కదిలింది.

"ఆ వాట్సాప్ అబ్బాయి తప్పు గీత పంపాడమ్మా," అన్నారు కారెక్కాక. "నీటిమట్టం గీత పంపాల్సింది."

పెరుగన్నం తిన్నాము. గాలికి డబ్బా మూత ఎగిరి కొలరాడో వైపు పోయింది, తేవడానికి నేను పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి నాన్న తన పాత డైరీలో గడులు గీసి ఏదో నింపుతున్నారు. తొంగి చూస్తే అడంగల్, ఊరి పొలాల లెక్క రాసే రిజిస్టరు. గ్రామం: సిమరాన్. విస్తీర్ణం మైళ్ళలో రాసి, పక్కన ఎకరాల్లోకి మార్చారు. నేల స్వభావం: మెట్ట. నీటి వనరు: వర్షాధారం అని రాసి, కొట్టేసి, బోరు అని రాశారు. పంట: గోధుమ, జొన్న, పశుగ్రాసం. పట్టాదారు గడిలో పాత పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, కొమాంచీ, కయోవా, టెక్సస్, కేంద్ర ప్రభుత్వం, భూముల కంపెనీ. చివరి పేరు పక్కన చిన్న అక్షరాల్లో నకిలీ అని ఉంది.

"అనుభవదారు గడి ఖాళీగా వదిలేశారే?" అన్నాను.

"ఖాళీగా వదిలితే తనిఖీలో ఒప్పుకోరు," అంటూ పెన్ను తీసుకుని ఆ గడిలో రాశారు: విచారణలో ఉంది. అలవాటుగా కింద సంతకం, తేదీ వేసి, వేళ రాయబోయి ఆగారు.

"ఇప్పుడు ఏ వేళ రాయాలమ్మా, మనదా, కెంటన్‌దా?"